గుర్వయ్య గోడ కింది పాతర

గుర్వయ్యకు ఎవరొస్తే వాళ్ల మాట వచ్చేది. నిజాం మీద తిరగబడ్డ సంఘం వాళ్లు వస్తే "నేను మీ మనిషినే అన్నా" అని అన్నం పెట్టేవాడు. రజాకార్లు వస్తే మజ్జిగ ముంతలతో ఎదురు నిలిచేవాడు. యూనియన్ సైన్యం దేవరకొండకు వచ్చిందని తెలిసిన పొద్దున ఇంటి మీద మూడు రంగుల జెండా కట్టాడు, అదీ తలకిందులుగా. ఊరివాళ్లు అతన్ని ఎదుట పటేలా అనేవారు. వెనక ఏమనేవారో కోడలు జానమ్మకు బావి దగ్గర రోజూ వినబడేది. ఆమె విననట్టు చేద లాగేది.

పంటలో వాటా బలవంతంగా కొలిపించుకునే లెవీ కోసం సర్కారు మనుషులు ఊరి మీద పడ్డ ఏడు, గుర్వయ్య లోపలి గదిలో వెనక గోడ వెంబడే పాతర తవ్వాడు. ఆ మెట్ట ఊళ్లలో పాతరలు కొత్త కాదు. గోతిలో గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మన్ను మెత్తితే గింజ ఏళ్ల తరబడి ఆగుతుంది. కానీ బుద్ధున్నవాడెవడూ గోడ పక్కన తవ్వడు, దొడ్లో గట్టి నేల చూసుకుంటాడు. దొడ్లో అయితే నలుగురి కంట పడుతుందని గుర్వయ్య భయం. పునాది రాళ్లు దాటి, వాటి కింది గట్టి మొరం నేల దాకా తవ్వాడు. ఆ మన్ను తట్టలకెత్తి పెంటకుప్పలో కలిపింది జానమ్మే. పైన పేడతో అలికిందీ ఆమే. మరుసటేడు కరువులో ముసలి బుచ్చమ్మ దోసెడు జొన్నల కోసం వస్తే, మామ చెప్పినట్టు ఖాళీ కుండ బోర్లించి చూపిందీ ఆమే.

పోలీస్ యాక్షన్ అయింది, నిజాం లొంగిపోయాడు, లెవీ మాత్రం పోలేదు. పాతర తెరిస్తే దాచిన గింజ బయటపడుతుంది. గుర్వయ్య తెరవలేదు, ఈలోగా వానలు పడ్డాయి. గోడ పగిలింది. దూలం దగ్గర మొదలైన పగులు నేలదాకా దిగి, అందులో చెయ్యి పట్టేంత అయింది.

జానమ్మకు నెలలు నిండాయి. తొలికాన్పు పుట్టింట్లో జరిగింది. ఇది రెండోది, అత్తింట్లోనే. ఆ ఇంట్లో పురుడు ఎప్పుడైనా లోపలి గదిలోనే.

"అత్తా, ఆ గోడ కింద నేను పండుకోను," అంది జానమ్మ. ఇంత పెద్ద మాట ఆమె ఆ ఇంట్లో ఎన్నడూ అనలేదు.

అత్త కృష్ణమ్మ ఆ సంగతి మొగుడి చెవిన వేసింది. "గోడ కట్టిన దస్తగిరి దొంగ," అన్నాడు గుర్వయ్య. "వానితోనే మళ్ల కట్టిస్త. గప్పటిదాంక పండుకోనీ. ఇయ్యాల్నే కూలుతదా ఏంది?"

మేస్త్రీ దస్తగిరి ఒప్పుకోలేదు. "పటేలా, నేను గట్టి మొరం మీద రాయి పెట్టిన. అది ఊకెనే కదలదు."

గుర్వయ్య సిద్ధాంతిని పిలిపించాడు. భోజనం చేసి, దస్తగిరి దిక్కు తప్పాడని చెప్పి పోయాడాయన. ఇంకో మేస్త్రీని పిలిపించాడు. పని తనకు దొరుకుతుందనే ఆశతో అతను దస్తగిరి వాడిన మట్టినే తిట్టాడు. చివరికి ఊరి పెద్దమనిషి కాటమయ్యకు విసుగొచ్చింది.

"నీ తిండి తిన్నోడు వద్దు, దస్తగిరి తిండి తిన్నోడు వద్దు. చెరువు కట్ట కాడ పని చేయించే ఓవర్సీర్ ఉన్నడు. ఎవల మనిషీ కాదు. ఆయన చెప్పిందే ఖాయం."

గుర్వయ్య సంతోషంగా ఒప్పుకున్నాడు. ఓవర్సీరైనా నోరున్నవాడే కదా అని కోడిని కోయించాడు. ఓవర్సీర్ వచ్చి, తన పేరు యోహాను అన్నాడు. పేరు వినగానే కూర గిన్నె లోపలికి పోయింది.

యోహాను అది చూసీ చూడనట్టు గోడ నిలువు చూసే గుండు దారం వేలాడదీశాడు. పగులు చుట్టూ తడిమాడు. "గోడ లోపటి దిక్కు కుంగుతాంది. లోపల నేల సూడాలె."

"లోపటికి ఎట్లొస్తవు? కోడలు నిండు నెలలతోటున్నది. బయటనుంచే సూసి చెప్పు," అన్నాడు గుర్వయ్య.

"అన్నం ఉడికిందో లేదో కుండ బయట నాకి చెప్తరా, పటేలా?"

చూడవచ్చిన జనం గొల్లున నవ్వారు. యోహాను దారం చుట్టుకున్నాడు. "సూడనియ్యకుంటే నేను చెప్పేదేం లేదు."

"ఇన్నరా? చెప్పేదేం లేదంటున్నడు! అంటే తప్పు దస్తగిరిదే!" అని గుర్వయ్య తువ్వాలు దులిపాడు.

లోపలి గది తలుపు వెనక జానమ్మ ఆ మాటలు విన్నది. ఈ మనిషి వెళ్లిపోతే ఆ గదిలో తనకు మంచం పడుతుంది. మామ ఎదుట, పరాయి మగవాళ్ల ఎదుట ఆ ఇంటి కోడలు నోరు విప్పకూడదు. మూలనున్న రోకలి అందుకుంది. గది నడుమ ఒక పోటు వేసింది. గట్టిగా మోగింది. గోడ వారన వేసింది. డొల్లగా, డప్పు మీద వేసినట్టు, వాకిలిదాకా వినబడింది.

యోహాను ఆగాడు. "ఆ సప్పుడేంది?"

"కోడలు జొన్నలు దంచుతాంది."

"లెవీకి గింజ లేదంటివి, కరువుల ఖాళీ కుండ చూపిస్తివి," అన్నాడు కాటమయ్య. "దంచనీకి యాడికెల్లొచ్చినయ్?"

రోకలి మళ్లీ పడింది. కృష్ణమ్మ తలుపు బార్లా తీసింది. "రాండ్రి సారూ. నా కోడలు పిలుస్తాంది."

గడ్డపారతో మన్ను తీయగానే కుళ్లు వాసన ఇల్లంతా నిండింది. "వంగకుండ్రి, విషపు గాలుంటది," అని యోహాను అందరినీ వెనక్కి తోశాడు. గాలి ఆడాక చూస్తే, జొన్నలు నల్లటి ముద్దలై నీళ్లలో కూరుకుపోయి ఉన్నాయి. మొరం జారిపోయి, పునాది రాళ్లు ముసలి పళ్లలా గోతి మీద వేలాడుతున్నాయి.

"కట్టినోని తప్పు కాదు, తవ్వినోని తప్పు," అన్నాడు యోహాను. "గీ గదిల పిల్లి గూడ పండుకోవద్దు."

ముసలి బుచ్చమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "గివ్వేనా గుర్వయ్యా, మాకు లేవన్న జొన్నలు?"

"అరె, సంఘం కోసమే దాచిన!" అన్నాడు గుర్వయ్య. వెంటనే అతనికి ఆనవాయితీ గుర్తొచ్చింది. "ఏమన్నగానీ, పురుడు లోపలి గదిలనే గావాలె."

కృష్ణమ్మ ముందరింట్లో మొగుడు పడుకునే మంచం మీది పరుపును చుట్టి వాకిట్లోకి విసిరింది. "నువ్వే పోయి పండుకో ఆ గదిల. లేకుంటే బర్రెల కాడ పండుకో." ఆ మంచం మీద ఉతికిన బొంత పరిచి, కోడలి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

జానమ్మ అక్కడే ఆడపిల్లను కంది. బిడ్డను చూడడానికి ఊరంతా వచ్చిపోయింది. గుర్వయ్య పడుకున్న పశువుల కొట్టం వైపు ఒక్కరూ తల తిప్పలేదు.