వెనక స్పీకర్లు లేని థియేటర్

షోరూముల వాళ్లకి ఒక జబ్బు ఉంది. మనం కుర్చీలో కూర్చోగానే లైట్లార్పేసి ఒక బాంబు పేలుస్తారు. కార్లు గాల్లోకి లేస్తాయి, అద్దాలు భళ్లున పగులుతాయి, కాళ్ల కింద నేల అదురుతుంది. తర్వాత లైట్లు వేసి "ఎట్లుంది మేడమ్?" అని మన ముఖంలోకి చూస్తారు. మాదాపూర్‌లో నేను మెట్లెక్కిన ప్రతి షోరూములోనూ ఇదే వరస. ఆ రోజు నాకు ఒళ్లు మండింది.

"బాంబులు చాలు బాబూ. ఇద్దరు మనుషులు మాట్లాడుకునేది ఏదన్నా పెట్టండి," అన్నాను.

సేల్స్ మేనేజర్ బిత్తరపోయాడు. "మాటలా మేడమ్? మాటలు ఫోన్ల గూడ వినవడ్తయి గద. జర ఈ బాస్ సౌండ్ వినుండ్రి, సీదా గుండెల కొడ్తది."

"నా గుండె బాగానే కొట్టుకుంటోంది. మాటలు కావాలి."

అతని దగ్గర మాటల సీన్ ఒక్కటీ లేదు. సంచిలోంచి నా పెన్ డ్రైవ్ తీసి ఇచ్చాను. అందులో ఒక పాత సినిమా ముక్క ఉంది. ఇద్దరు ముసలివాళ్లు అరుగు మీద కూర్చుని ప్రహరీ గోడ గురించి లోగొంతుతో పోట్లాడుకుంటారు. అతను అది పెట్టేలోపు ఇంత దూది ఉండచుట్టి నా ఎడమ చెవిలో కుక్కుకున్నాను, పైన అరచెయ్యి అదిమి పెట్టాను. "చెవిపోటా మేడమ్? వాటర్ తెప్పియ్యాల్నా?" అని అతను కంగారుపడ్డాడు. వద్దని తలూపి, తెర వైపు చూడమని వేలు చూపించాను.

నాకు చెవిపోటు లేదు. మా ఆయన ఎలా వింటున్నాడో అలా వినాలని నా ప్రయత్నం.

రెండేళ్ల కిందట ఒక జ్వరం తగ్గిన మర్నాడు పొద్దున్న లేచేసరికి మా ఆయనకి ఎడమ చెవి వినపడలేదు. నొప్పి లేదు, ఏమీ లేదు. దవాఖానలో పరీక్షలన్నీ చేసి నరం దెబ్బతిందన్నారు. వాళ్లిచ్చిన మందులన్నీ వాడాం. చెవి మాత్రం రాలేదు. కారెక్కాక ఆయన అన్న మొదటి మాట, "అమ్మకు చెప్పకు." వాళ్ల ఊళ్లో చెవుడున్న ఒకాయన ఉండేవాడట. ఆయన వీధిలోకి వస్తే చాలు, ఊరంతా ఆటపట్టించేదట. చిన్నప్పుడు తనూ నవ్వినవాడే. ఆఫీసులో మీటింగులన్నీ హెడ్‌ఫోన్‌లోనే కాబట్టి ఒక చెవితో బండి నడిచిపోయింది. అక్కడ ఎవరికీ తెలియనే తెలియదు.

పోయింది మాత్రం సినిమా. మా ఆయన సినిమాలు చూసే మనిషి అంటే చాలదు. పెళ్లికి ముందు నన్ను ఆఫీసు క్యాంటీన్‌లో పడేసిందే సినిమా డైలాగులతో. కొత్త సినిమా వస్తే మొదటి రోజే చూడాలి, పక్కవాడికి ముందే కథ చెప్పి తిట్లు తినాలి. చెవి పోయాక ఒక్కసారి వెళ్లాం. ఇంటర్వెల్ కాకముందే లేచి బయటికి నడిచాడు. వెతికితే పార్కింగ్‌లో కారులో కూర్చుని ఉన్నాడు. "అన్ని దిక్కులకెల్లి చప్పుడొచ్చి ఒక్క చెవుల వడ్తున్నది. మాట దొరుకుతలేదు," అన్నాడు. అంతే, మళ్లీ థియేటర్ ఊసెత్తలేదు. ఇంట్లో చూద్దామంటే హాల్లో అత్తమ్మ సీరియల్, వంటింట్లో కుక్కర్ విజిల్. కింద అక్షరాలు వేస్తే అవి ఇంగ్లీషులో వచ్చాయి. "మన సినిమా మనం ఇంగ్లీషుల చదువుకుంట చూడాల్నా?" అని టీవీ కట్టేశాడు.

దానికన్నా నన్ను కోసేసింది అత్తమ్మ బాధ. ఆవిడ మాతోనే ఉంటుంది. వెనకనుంచి "కొడకా" అని పిలుస్తుంది, ఈయన పలకడు. భోజనాల దగ్గర ఎడమ పక్కన కూర్చుని ఊరి సంగతులు ఎత్తుకుంటుంది, ఈయన ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. మొదట్లో గట్టిగా పిలిచేది. తర్వాత పిలవడం మానేసింది. ఒకరోజు జొన్నరొట్టె తడుతూ నాతో, "పెద్ద నౌకరాయె, పెద్ద ఇల్లాయె. ఇగ తల్లితోని ఏం మాటలుంటయి తియ్యి," అంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ మాటిచ్చాను కదా! ఎవరైనా ఒకటంటే రెండనే నోరు నాది. దాన్ని కుట్టేసుకుని కూర్చోవడం నాకెంత కష్టమో చెప్పలేను.

ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను. ఈ ఇంట్లో ఈ మనిషికి మాట వినపడే చోటు ఒకటి ఉండాలి. తల్లీ కొడుకూ అక్కడ పక్కపక్కన కూర్చోవాలి. తర్వాత సంగతి తర్వాత.

తెల్లాపూర్‌లో మా ఇంటి కింది అంతస్తులో ఒక చిన్న గది ఉంది. కిటికీ కూడా ఒక్కటే. ఊరి పొలం నుంచి వచ్చే బియ్యం బస్తాలన్నీ అందులోనే. ఆ గదిని థియేటర్ చేస్తానన్నాను.

"నీకేమన్న పిచ్చా? నాకైతే వద్దు," అన్నాడు మా ఆయన.

"మీకెవరు చేస్తున్నారు? నాకు సరదా, నా జీతంతో చేసుకుంటా. అడ్డు రాకండి," అన్నాను. పచ్చి అబద్ధం. చెవి కోసమని చెబితే ఆ గది గడప తొక్కడని నాకు తెలుసు.

"సినిమాకు ఒక అర్రనా! మరి బియ్యం ఏడ వెట్టాలె?" అంది అత్తమ్మ. బస్తాలు మెట్ల కిందికి చేరాయి. ఖాళీ గదిలో చప్పట్లు కొట్టి చూస్తే బావిలో కొట్టినట్టు మోగింది. గోడలకి మెత్తటి పలకలు వేయాలి, కింద తివాచీ పరవాలి, మందపాటి కర్టెన్లు కావాలి అని నేను చెబుతుంటే ఆవిడ బుగ్గ నొక్కుకుంది. "బస్తాలుండంగ చప్పుడే లేకపాయె. అట్లనే ఉంచి మీద గూసుంటే అయిపోతుండె గద!"

గోడలకి నల్లరంగు అనేసరికి మాత్రం ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఇంట్లో నల్లగోడ ఏమిటి, అశుభం, తను బతికుండగా ఒప్పుకోనంది. చీకటి గదిలో తెర తప్ప ఇంకేమీ మెరవకూడదని నా వాదన. ఆవిడ కదల్లేదు, నేనూ కదల్లేదు. చివరికి ముదురు వంకాయ రంగు దగ్గర రాజీకొచ్చాం.

ఇక తెర. షోరూములో అసలు యుద్ధం అక్కడే. ఆ మేనేజర్ గోడంత టీవీ అంటగట్టాలని చూశాడు. పగలైనా మెరుస్తుంది, బటన్ నొక్కితే చాలు అన్నాడు. నిజమే, బొమ్మ కళ్లు చెదిరేలా ఉంది. కానీ దూది పెట్టుకుని వింటే మాట టీవీ కింద, మోకాళ్ల దగ్గర పెట్టిన స్పీకర్లోంచి వస్తోంది. తర్వాత ప్రొజెక్టర్ వేయించాను. దాని తెర ఒక రకం నేత బట్ట. శబ్దం అందులోంచి దూరి వస్తుంది కాబట్టి స్పీకర్‌ను తెర వెనకే, సరిగ్గా నటుల నోళ్లకి సూటిగా పెట్టొచ్చు. పైగా ముఖాలు నిలువెత్తు. నాకు కావలసింది అదే. మా ఆయన ఈ మధ్య ఎదుటివాళ్ల కళ్లలోకి కాకుండా నోటి వైపు చూస్తున్నాడని ఎప్పుడో కనిపెట్టాను. పెదవులు చూసి మాట పట్టుకుంటున్నాడు. అలాంటప్పుడు పెదవులు ఎంత పెద్దవైతే అంత మంచిది. ప్రొజెక్టర్ ఖాయం చేశాను.

"ఇగ స్పీకర్లు మేడమ్. ముందల మూడు, పక్కలకు రెండు, ఎనక రెండు, సీలింగ్‌ల నాలుగు..."

"ముందు మూడు చాలు. బాస్ పెట్టె చిన్నది ఒకటి. మాటని విడిగా పెంచుకునే వీలున్న యాంప్లిఫయర్ చూపించండి."

"ఎనక స్పీకర్లు లేకుంటే గది థియేటర్ ఎట్లయితది మేడమ్? చుట్టూత సౌండ్ తిరగాలె గద!"

"వెనకనుంచి వచ్చే చప్పుడు మా ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు."

అతను నన్ను జాలిగా చూశాడు. చూస్తే చూశాడు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పు పట్టుకోవడమే నా ఉద్యోగం. ఆ ఇద్దరు ముసలివాళ్ల పోట్లాటని ప్రతి స్పీకర్ మీదా, ప్రతి యాంప్లిఫయర్ మీదా పెట్టించాను. ముందు కుర్చీలోంచి విన్నాను, చివరి కుర్చీలోంచి విన్నాను, ఏసీ వేసి, ఏసీ ఆపి విన్నాను. ఒక్క చెవితో ఒక్క మాట కూడా జారిపోని జోడీ దొరికేదాకా వదల్లేదు. దొరికిన రోజు పొంగిపోయాను, ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా నేనంత పొంగిపోలేదు.

బిగించడం అయిన తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి ఆట వేశాను. మా ఆయన్ని మాటలతో కాదు, దాదాపు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. మూడు కుర్చీల్లో ఎడమ చివరది ఎంచుకున్నాడు, మిగతావాళ్లం తన మంచిచెవి వైపు పడేలా. మధ్యలో నేను, కుడి చివర అత్తమ్మ. సినిమా ఆవిడ ఇష్టం. ఉమ్మడి కుటుంబం, పేచీకోరు తాతగారు, ఆయన మాట వినని మనవడు. పేర్లు పడ్డాయి. నేను తెర వైపు చూడనే లేదు, ఆయన్నే చూస్తున్నాను.

తాతగారు పాలవాణ్ణి తిట్టాడు. మా ఆయన నవ్వాడు. చిన్నగా కాదు, పాత నవ్వు, కుర్చీ ఊగేలా. ఆ తర్వాత తాతగారు ఏమనబోతున్నాడో ఈయనే ముందు అనేశాడు. "చెప్పకు బిడ్డా, నన్ను సూడనియ్యి!" అంది అత్తమ్మ. నా ఆనందం నేను పట్టలేకపోయాను. గెలిచాననుకున్నాను.

అప్పుడు హీరోయిన్ వచ్చింది. డాబా మీద తాతగారికి తన కష్టం చెప్పుకునే సీన్. తెరనిండా ఆమె ముఖమే. మా ఆయన ముందుకు వంగాడు. కనుబొమలు ముడిపడ్డాయి. నవ్వు పోయింది. స్పీకర్ పాడైందా అనుకున్నాను. ఆమె పెదవుల వైపు నేనూ చూశాను. అప్పుడు తెలిసింది. ఆ అమ్మాయికి తెలుగు రాదు! పెదవులు ఏదో భాషలో కదులుతున్నాయి, గొంతు ఇంకెవరిదో. జీవితమంతా మన హీరోయిన్లని చూస్తూ పెరిగాను, వాళ్లలో సగం మందికి అరువు గొంతులేనని చిన్నపిల్లకి కూడా తెలుసు. నా బుర్రకి తట్టలేదు. నా పెన్ డ్రైవ్‌లో ఒక్క ఆడమనిషి మాట లేదు. ఛీ, ఏం టెస్టర్‌ని!

"ఆపు," అన్నాడు మా ఆయన.

రిమోట్ నొక్కాను. ఆమె నోరు సగం తెరుచుకుని తెర మీద ఆగిపోయింది. ఇక లేచి వెళ్లిపోతాడనుకున్నాను. వినపడని చోటల్లా ఇన్నాళ్లూ అదే చేశాడు. లేవలేదు. తల్లి వైపు తిరిగాడు.

"ఈ పిల్ల ఏమంటున్నదో నాకు సమజైతలేదమ్మా. పెదవి ఒక తీరుంది, మాట ఒక తీరుంది. నేను పెదవులు చూసుకుంటనే నెట్టుకొస్తున్న. ఎడమ చెవి పోయింది. రెండేండ్లాయె."

అత్తమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. తర్వాత అడిగింది, "నేను పిలిస్తే పలుకకపోయేది గిందుకేనా?"

"గిందుకే. నీకు చెప్తే పరేషాన్ అయితవని చెప్పలే."

"పొగరనుకున్న గదరా," అంది. "నా కొడుక్కి నేను బరువైన అనుకున్న."

"ఇంత చప్పుడులేని అర్ర గనుక చెప్పిన. ఎవలు వింటరో అని భయం లేదీడ," అన్నాడు, నా వైపు చూసి. ఆ గది ఎవరి కోసమో ఆయనకి ఎప్పుడు తెలిసిందో, ఇప్పటికీ అడగలేదు. నేను ఏడ్చేశాను, దాచుకునేదేముంది.

లేచి నా కుర్చీ ఖాళీ చేశాను. "అత్తమ్మా, ఇటు రండి. కుడి పక్కకి." ఆవిడ జరిగి కూర్చుంది. చెవుడనగానే అందరూ అరుస్తారు కదా, ఆవిడ అరవలేదు. ఆయన కుడిచెవి దగ్గరగా వంగి, మామూలు గొంతుతోనే, "కొడకా," అంది.

"ఏందే అమ్మా," అన్నాడు ఆయన, వెంటనే.

ఇక ఆవిడ మొదలుపెట్టింది. బోరు ఎండిపోయిన సంగతి, చెల్లెలి కోడలు అలిగిన సంగతి, ఎవరి బర్రె ఎవరి చేలో పడిందో ఆ సంగతి, రెండేళ్ల నుంచి నోట్లోనే దాచుకున్నవన్నీ. ఆయన మధ్యమధ్య ఆపి "ఏమన్నవ్, మళ్ల చెప్పు" అని అడుగుతున్నాడు, ఆవిడ మళ్లీ చెబుతోంది. నేను చివరి కుర్చీలో రిమోట్ పట్టుకుని కూర్చున్నాను. సినిమా ఎవరూ అడగలేదు. చాలాసేపటికి ప్రొజెక్టర్ తనంతట తానే ఆరిపోయింది, ఆ సంగతి వాళ్లిద్దరూ గమనించలేదు.