వంటింటి కుళాయికి వేక్యూమ్ వైద్యం

ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు వేక్యూమ్ బ్రేకుల సెక్షన్‌లో కొత్తగా ఫిట్టరయిన నాకు లోకంలో ఉన్న రోగం ఒక్కటే, లీకు. రైలుపెట్టె బ్రేకు వదలకపోతే గొట్టం అతుకుల దగ్గర చెవి పెట్టి, ఎక్కడ బయటి గాలిని లోపలికి లాగుతోందో విని, బిగించడమే మా పని. ఆ విద్య తలకెక్కి ఇంట్లో కూడా నా కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

ఆ ఏడాదే అమ్మకు పక్షవాతం వచ్చింది. ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలోని మా క్వార్టర్‌కు స్నానాలగది పెరటి చివర. అక్కడిదాకా మోయలేక, వంటింటి సింకు పక్కన బల్ల మీద పడుకోబెట్టి తలంటవచ్చని అన్నయ్య కలకత్తా నుంచి కొత్తరకం కుళాయి తెచ్చి పెట్టించాడు. దానికి పొడుగాటి గొట్టం, చివర జల్లు మూతి. తలంటుకుని ఆదివారం చర్చికి వెళ్ళాలని అమ్మ కోరిక. (ఇంకెన్ని ఆదివారాలున్నాయో డాక్టరు చెప్పలేదు, మేమూ అడగలేదు.) తీరా చూస్తే కుళాయిలో నీళ్ళు దండిగా వస్తున్నాయి, జల్లు మీట నొక్కితే మాత్రం చుక్కలే.

ఇదీ లీకేనని తేల్చేసి శనివారం నేను రంగంలోకి దిగాను. అతుకులన్నీ విప్పి, జనపనార చుట్టి, రంగు పూసి బిగించాను. చుక్కలే. మళ్ళీ విప్పాను, మళ్ళీ బిగించాను. వంటకు వీల్లేక వదిన గుమ్మంలో నిలబడి పళ్ళు నూరుతోంది. నేను సింకు కింద దూరి, గొట్టానికి చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నాను. బల్ల మీంచి అమ్మ ముద్దముద్దగా అడిగింది.

"కారితే నేల తడవదేటిరా?"

చూశాను. నేల ఎండిపోయి ఉంది. నీళ్ళ గొట్టం కారితే నీళ్ళు బయటికొస్తాయన్న సంగతి (పసిపిల్లలకు కూడా తెలిసినదే) ఈ ఫిట్టరుగారికి తోచలేదు.

"నోటికాడ ఏటో అడ్డుపడినాది. నా మాటలాగే," అంది అమ్మ.

జల్లు మూతి విప్పితే జాలీ నిండా పాత పైపుల తుప్పు. కడిగి, బిగించి, మీట నొక్కాను. నీళ్ళు అమ్మ మీదా, వదిన కలిపి పెట్టుకున్న పిండి మీదా ఎగజిమ్మాయి. అమ్మ ముఖంలో కదిలే సగం నవ్వింది. వదిన కుంకుడురసంతో తల రుద్ది, ఆరబెట్టి, జడ అల్లింది.

తెల్లారేసరికి అమ్మ లేదు. స్నానం చేయించడానికి వాడలోని ఆడవాళ్ళు వచ్చారు.

"తలకి వొద్దు పిన్నీ. నిన్ననే సుబ్బరంగా పోసినాము," అంది వదిన ఏడుస్తూ.

గుమ్మం బయట నేనూ ఏడుస్తున్నాను. అంత ఏడుపులోనూ ఆ మాట చెవిన పడగానే, పని బాగా చేశానన్నట్టు నా ఛాతీ కాస్త పొంగింది. రోగం కనిపెట్టింది అమ్మ, గర్వం నాకు! ఆ పిచ్చివాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఏం చెయ్యను.