విల్డా తిప్పిన వాల్వు

చక్రాల మీద తెచ్చి నిలిపిన ట్రెయిలర్ ఇళ్ల మా పార్కులో ఉండే విల్డా స్కూలు బస్సు నడుపుతుంది. మిస్సోరీ కొండల మలుపుల్లో మంచు పేరుకున్నా పిల్లల్ని భద్రంగా ఇళ్లకు చేర్చే మనిషి. అలాంటిదాన్ని ఈ జనవరిలో కోర్టుకు లాగారు. నీళ్ల వాల్వు తిప్పిందట!

ఆమె పక్కింట్లో మిస్ ఓపల్ ఉంటుంది. ఎనభై దాటింది. మురుగునీళ్లు గుమ్మం దాకా వస్తున్నాయని ఆరోగ్యశాఖకు ఫోన్ చేసింది. మర్నాడే పార్కు మేనేజరు డ్వేన్ వచ్చి ఆమె ఇంటికి నీళ్లు కట్టేశాడు. రిపేరన్నాడు. రిపేరుకు ఎవరూ రాలేదు. ఆ సాయంత్రం చలి ముదురుతుంటే విల్డా మోకాళ్ల మీద వంగి, ఓపల్ ట్రెయిలర్ కిందకు చెయ్యి పెట్టి, నీళ్లు వచ్చేలా వాల్వు కాస్త తిప్పింది.

పరాయి ఆస్తిని కెలికిందని డ్వేన్ కేసు పెట్టాడు. చిన్న నేరమనే అంటారు. ఏడాది దాకా జైలు, పైన జరిమానా. కక్షకొద్దీ పొరుగువాడి టైర్లలో గాలి తీసినవాడికీ, ముసలామెకు నీళ్లిచ్చినదానికీ ఒకటే సెక్షను!

"తప్పు ఒప్పుకుంటే జరిమానాతో వదిలేస్తారట," అంది ప్రభుత్వం ఇచ్చిన లాయరు కారా.

"మరి బస్సు?"

"శిక్ష పడ్డవాళ్లకు బస్సివ్వరు."

"అయితే ఒప్పుకోను. తిప్పింది నేనే. తప్పని మాత్రం అనను."

"నా వల్లే తల్లీ ఇదంతా. ఆ ఫోన్ చెయ్యకుండా ఉండాల్సింది," అని పక్కనే కూర్చున్న మిస్ ఓపల్ కళ్లొత్తుకుంది.

"ఊరుకోండి మిస్ ఓపల్. మీలాంటివాళ్లు చెయ్యకపోతే మనమంతా పడవలు కొనుక్కోవాల్సొస్తుంది," అని గట్టిగా అరిచింది విల్డా. ఓపల్‌కు చెవుడు.

కోర్టులో కారా డ్వేన్‌ను అడిగింది: "చలి ముదిరితే పార్కులో వాళ్లకు ఏం చెప్తారు?"

"రాత్రంతా కుళాయి సన్నగా కారనివ్వమంటా. లేకపోతే నీళ్లు గడ్డకట్టి పైపులు పగిలి చస్తాయి."

"ఆ రోజూ చెప్పారా?"

"ప్రతి తలుపూ తట్టి మరీ చెప్పా."

"మిస్ ఓపల్‌కి కూడా?"

"ఆవిడకైతే అరిచి అరిచి చెప్పా."

"మీరు వాల్వు కట్టేసిన ఇంట్లో కుళాయి ఎలా కారుతుందండీ?"

డ్వేన్ టై సర్దుకున్నాడు. "ఏమంటున్నాడే వాడు?" అని వెనక నుంచి మిస్ ఓపల్ కేకేసింది. హాలంతా నవ్వింది. జడ్జి కూడా నవ్వు ఆపుకుంటూ బల్ల మీద తట్టాడు.

"ఎవరినైనా ఇబ్బంది పెట్టాలన్న ఉద్దేశం ఉంటేనే ఇది నేరం," అన్నాడాయన. "ఈమె ఆ పైపును కాపాడింది. నిర్దోషి."

మరి ఇబ్బంది పెట్టినవాడి మీద కేసేదీ? ఆ ప్రశ్న మా దగ్గరే ఉంది. మురుగూ ఇంకా బాగవలేదు. కానీ ఆదివారం సాయంత్రం పార్కు లాండ్రీ గదిలో మీటింగు పెడితే, ఇన్నాళ్లూ డ్వేన్‌కు భయపడి తలుపులు తియ్యనివాళ్లు కూడా ఎవరి కుర్చీ వాళ్లు మోసుకొచ్చారు. ఆరోగ్యశాఖకు ఈసారి అందరం కలిసి వెళ్లాలనుకున్నాం.

విల్డా మధ్యలోనే లేచింది.

"అప్పుడే ఎక్కడికే?" అంది మిస్ ఓపల్.

"పొద్దున్నే బస్సుంది మిస్ ఓపల్!"