ఒదీలియా మెడలో అట్ట

ద్రాక్షతోటల్లో సమ్మె మొదలై మూడు నెలలైంది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వెనక ఖాళీ జాగాలో లారీ నిలబెడతారు. ఆ లారీ మీదే కూలీల నాటకం. తెరా లేదు, రంగులూ లేవు. మెడలో ‘యజమాని’ అన్న అట్ట వేసుకుంటే యజమాని, అది తీసి ‘కూలీ’ అన్నది తగిలించుకుంటే కూలీ.

కాలేజీలో మెక్సికన్ అమెరికన్ల కళ గురించి పాఠం చెప్పే మాస్టారు ఆ నాటకం గురించి అడిగితే, కూలీల పిల్ల ఒదీలియా లేచి, “మాకు అట్టముక్క చాలండీ. ఎవరు మనవాళ్ళో ఎవరు పగవాళ్ళో దాంతోనే తేలిపోతుంది” అని గొప్పగా చెప్పింది. క్లాసంతా మెచ్చుకుంది. వారం తిరక్కుండానే ఆమె గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.

గురువారం అమ్మ తలగుడ్డ ఉతకబోతే గంధకం వాసన కొట్టింది. అది ద్రాక్షతీగల మీద చల్లేది. తోటలో దిగకుండా ఆ వాసన అంటదు. అమ్మ ఎవారిస్తా బుకాయించలేదు.

“కోతకి రాకపోతే ఇల్లు ఖాళీ చెయ్యమన్నారే. అది తోటవాళ్ళ ఇల్లాయె. మంచం దిగలేని మీ అమ్మమ్మని ఏ చెట్టు కింద పడుకోబెట్టను? తోటవాళ్ళ వ్యానులో సీట్ల మధ్య నక్కి పోతున్నా. పనిలోకి పోయేవాళ్ళని అడ్డుకోడానికి గేటు దగ్గర నిలబడే మీ హసింతా అత్త తిట్లన్నీ నా తల మీద నుంచే పోయాయి. ఎవరితోనూ అనకు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.”

హసింతా పరాయిది కాదు. జ్ఞానస్నానం నాడు ఒదీలియాని చేతుల్లోకి తీసుకున్న మనిషి. సమ్మెలో నిలబడ్డందుకు ఆమె ఇల్లు మొదటి నెలలోనే పోయింది. పిల్లల్తో ఒక పాత బస్సులో కాపురం ఉంటోంది.

ఇక ఆదివారం నాడు ఏమైందంటే, సమ్మె వదిలి పనిలోకి పోయే ‘ద్రోహి’ వేషం కట్టేవాడికి గొంతు పోయింది. నాటకం నడిపే లాసారో ఆ అట్ట తెచ్చి ఒదీలియా మెడలో వేసేశాడు. కాదంటే ఎందుకు కాదంటున్నావని అడుగుతారు. ఎక్కింది.

ఈ నాటకాల్లో జనం ఊరికే కూర్చోరు. అట్ట వేసుకున్నవాణ్ణి నిలదీస్తారు, వాడు జవాబు చెప్పి తీరాలి. ముందు వరసలో హసింతా కుళ్ళిన టమాటాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఏమే సిగ్గులేనిదానా! మేం గేటు బయట మాడుతుంటే నువ్వు లోపలికెందుకు పోయావే?” అని నవ్వుతూనే అరిచింది.

ఒదీలియా చూపు జనం మీదుగా పోయింది. వెనక గోడ దగ్గర అమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉంది.

“మాట్లాడవేం? నాలుక కూడా దొరకి అమ్మేశావా?” అన్నారెవరో. ఒక టమాటా వచ్చి ఒదీలియా భుజం మీద చిట్లింది.

“దొరగారు నాకు... కొత్త టోపీ ఇస్తానన్నారు” అంది, ఎప్పుడూ చెప్పే జవాబే. జనం పగలబడి నవ్వారు. సొంత తల్లి మీద తనే ఉమ్మినట్టు ఆమె కుమిలిపోయింది.

అప్పుడు ఎవారిస్తా కదిలింది. జనంలోంచి నడిచి వచ్చి లారీ ఎక్కి, కూతురి మెడలో అట్ట తీసి తన మెడలో వేసుకుంది.

“ఇప్పుడు నన్నడుగు వదినా.”

“ఓయబ్బో, పెద్ద ద్రోహి దిగిందర్రోయ్!” అంది హసింతా. “చెప్పు తల్లీ, ఎలా పోయావు?”

“సీట్ల మధ్య పడుకుని పోయాను. పైన గోనెసంచి కప్పుకున్నాను.”

ఒకటే చప్పట్లు. “ఎవారిస్తాలో ఇంత కళ ఉందని ఎవరికి తెలుసు!” అంటూ లాసారో ఈల కూడా వేశాడు. ఎవారిస్తా బిత్తరపోయి కూతురి వంక చూసింది. “నమ్మడం లేదే వీళ్ళు” అంది మెల్లగా.

నవ్వుతూ తల వంచి దిగిపోతే చాలు. ఇల్లూ దక్కుతుంది, పరువూ దక్కుతుంది. ఒదీలియాకి ఆ ఆశ పుట్టింది కూడా. కానీ క్లాసులో తను చెప్పిన మాట గుర్తొచ్చి తన మీద తనకే ఒళ్ళు మండింది. అట్ట మీద ఒక్క మాటే పడుతుంది. మంచంలో ఉన్న అమ్మమ్మ దాని మీద ఎక్కడ పడుతుంది?

“వేషం కాదు” అంది గట్టిగా. “మా అమ్మ నిజంగానే పోయింది.”

నవ్వులు ఆగిపోయాయి. ఎవరో కాండ్రించి ఉమ్మారు. హసింతా లేచి లారీ దగ్గరికి వచ్చింది.

“నేను రాయి విసిరిన వ్యానులోనా?”

“ఊఁ. అద్దం పగిలి నా మీదే పడింది” అంది ఎవారిస్తా.

హసింతా ఆ అట్ట వంక చూసింది. చేతిలో టమాటా కింద పడేసి చెయ్యి గౌనుకి తుడుచుకుంది.

“ముసలమ్మని ఇవాళే మా బస్సులోకి తెచ్చెయ్యి. చోటు చేస్తాను. రేపు పొద్దున గేటు దగ్గర నా పక్కన నిలబడు” అంది. వెళ్ళబోయి మళ్ళీ తిరిగింది. “నాతో మాత్రం మాట్లాడకు.”