పోగును పొడవని సూది

ఈ పొద్దున వెనక గదిలో జాకెట్టు కత్తిరిస్తుంటే ముందు గదిలోంచి టప్, టప్ అని చప్పుడు వినిపించింది. నా దగ్గర కుట్టు నేర్చుకునే నలుగురు పిల్లలు నాలుగు మిషన్లు తొక్కుతున్నా, ఆ ఒక్క చప్పుడే నా చెవికి విడిగా తగిలింది. మంచి సూది బట్టలోకి దిగితే వినపడదు. ఇది తలుపు తట్టినట్టు దిగుతోంది. "మౌనికా, సూది మార్చు!" అని అక్కడినుంచే అరిచాను. "చూడకుండనే ఎట్ల తెల్సిందక్కా?" అంది ఆ పిల్ల. నాకు నవ్వాగలేదు. అచ్చం అదే మాట, కళ్ళు అంతే పెద్దవి చేసుకుని, నేనూ ఒకప్పుడు భారతక్కను అడిగాను.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో కల్వకుర్తిలో, బస్టాండు వెనక సందులో భారతక్క కుట్టు దుకాణం ఉండేది. ఆమెది నల్లగొండ దిక్కు మగ్గాల ఇల్లు. పదేళ్ళ వయసుకే కండెలు చుట్టిన చేతులు. పెళ్ళై మా ఊరొచ్చాక మగ్గం వదిలి మిషన్ పట్టింది. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను మా అమ్మ ఆమె దగ్గర పని నేర్చుకోమని వదిలింది. అబ్బ, ఆ నోరు! మొదటి వారంలోనే నా కుట్టు వంకర్లు పోతే "మిషన్ బాగలేదక్కా" అన్నాను. అంతే, అందుకుంది. "ఆడరాక మద్దెల ఓడన్నదట నీ అసుంటిదే! మిషనేం జేసింది నిన్ను?" అంటూ సూది విప్పి, గోడకున్న అద్దం దింపి దాని మీద పడుకోబెట్టింది. సూదికీ అద్దానికీ నడుమ సందు ఒక కొసన సన్నగా, ఇంకో కొసన వెడల్పుగా కనిపించింది. సూది వంగింది! తర్వాత దాని మొనను నా బొటనవేలి గోటి మీద నెమ్మదిగా గీసింది. తెల్లటి గీత పడింది. "గోటినే గీరేది పట్టును గీరదా? సూదికి బువ్వ పెడ్తవా, జీతమిస్తవా? మొద్దువారితే తీసి పారెయ్యనీకి ఏం నొప్పే మీకు?" అంది. ఆ రోజు నుంచి పల్చటి వాయిలుకు పదకొండో నంబరు, నూలు జాకెట్టుకు పద్నాలుగు, జీన్సు ప్యాంటుకు పద్దెనిమిది అని నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. బట్ట గురించి భారతక్కకు తెలియనిది లేదని ఊరంతా అనేది. నేనైతే ఒట్టు పెట్టి చెప్పేదాన్ని.

అట్లాంటి రోజుల్లో మా చెల్లె స్వప్నకు ఒక ఘోరం జరిగింది. తొమ్మిదో తరగతి. బడి కబడ్డీ జట్టులో అదే పెద్ద దిక్కు. దాని కూత మా వీధి చివరి దాకా వినపడేది. ఒక ఆటలో అవతలి జట్టు పిల్ల దాని అంగీ పట్టుకుని లాగితే భుజం కుట్టు పర్రుమని చంక దాకా విడిపోయింది. చుట్టూ జనం. అది రెండు చేతులూ ఛాతీకి అడ్డం పెట్టుకుని కోర్టు మధ్యలోనే కూలబడింది. ఇంటికొచ్చి ముసుగేసుకుని పడుకుంది. "నేనింక కబడ్డీ ఆడను" అంది. బడిలో ఆటలు నేర్పే సారు వచ్చి బతిమాలినా వినలేదు. మూడో రోజు నా దగ్గరికొచ్చి, "అక్కా, నువ్వు కుట్టిస్తే ఆడ్త. కానీ చిరగదని నువ్వు మాటియ్యాలె" అంది. ఇచ్చేశాను! నా తెలివి చూడండి, తెచ్చే బట్ట ఎట్లాంటిదో తెలియకుండానే మాటిచ్చాను. సారు ఏడుగురు పిల్లలకూ సరిపడా నీలిరంగు టీషర్టు బట్ట తెచ్చి దుకాణంలో పెట్టాడు. వచ్చే ఆదివారమే కొత్తకోటలో ఆట.

సోమవారం పొద్దున్నే కుట్టడం మొదలుపెట్టాను. పద్నాలుగో నంబరు సూదితో నాలుగు కుట్లు పడితే ఐదోది పడదు. పదకొండు వేస్తే ఇంకా అన్యాయం. పడిన చోట బట్టను కాస్త సాగదీస్తే కుట్టు పక్కనే సన్నటి చిల్లులు, చూస్తుండగానే ఆ చిల్లులు నిచ్చెనల్లా కిందికి పాకుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. స్వప్న భుజమే కళ్ళ ముందు మెదిలింది. భారతక్క వచ్చి కూర్చుంది. సూదులు మార్చింది, దారం మార్చింది, కుట్టు చిన్నది చేసింది. ఎన్ని చేసినా అదే తంతు. మిషన్ ఆపి, బట్ట అంచు నుంచి ఒక పోగు పట్టి లాగింది. ఆ పోగు ఆగకుండా సర్రున వస్తూనే ఉంది. భారతక్క ముఖం వెలిగిపోయింది.

"ఓ పిల్లా, ఇటు రా! గిది నేసింది కాదే, అల్లింది! పడుగు లేదు, పేక లేదు, అంతా ఒక్కటే పోగు! మన సూది పోయి ఆ పోగునే పొడుస్తాంది. ఒక్కకాడ తెగితె మొత్తం ఊడుతాంది."

"మరి ఏం సూది పెట్టాలక్కా?"

"నాకు తెల్వదు" అంది.

భారతక్కకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆమెకు మాత్రం ఆ చింతే లేదు. సూది మొనను కత్తెర నూరే రాయి మీద రుద్ది గుండ్రంగా చేయాలని చూసింది. నాలుగు అంగుళాలు బాగా కుట్టి ఐదో అంగుళంలో అదీ బట్టను పీకింది. "జూసినవా, దారి గిదే! పోగును పొడవకుండ పక్కకు జరిపే సూది ఎక్కడ్నో ఒకచోట ఉండే ఉంటది. లేకుంటె ఇన్ని టీషర్టులు ఎట్ల కుడుతున్నరు? లే, పది గంటల బస్సున్నది."

పాలమూరులో మిషన్ సామాన్ల దుకాణానికి వెళ్ళాం. నిండా దర్జీలు, అంతా మగవాళ్ళే. సేటు "ఏ నంబరమ్మా?" అన్నాడు. "నంబరు తెల్వదు. పేరు గూడ తెల్వదు. మొన గుండ్రంగుండాలె" అంది భారతక్క అందరికీ వినపడేలా. పక్కనున్నాయన కిసుక్కున నవ్వాడు. "మొన లేని సూదా అక్కా? మరి కుట్టేదెట్ల?" అన్నాడు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆమె ఆయన వైపు తిరిగి, చేతిలోని బట్ట ముక్క నుంచి పోగు లాగి చూపించి, జరిగిందంతా ఓపిగ్గా చెప్పింది. సేటు లోపలికెళ్ళి ఒక చిన్న పొట్లం తెచ్చాడు. "బాల్ పాయింట్ సూది. సాగే బట్టకు ఇదే" అన్నాడు. భారతక్క మొనను గోటి మీద గీసింది. గీత పడలేదు! "నేను చెప్పలే! ఉంటదని చెప్పలే!" అని నా వీపు మీద ఒక్కటి చరిచింది. నవ్వినాయన కూడా "నాకో పొట్లం ఇయ్యి సేటు" అన్నాడు. తిరుగు బస్సులో ఆమె ఆ పొట్లాన్ని పదిసార్లు విప్పి చూసుకుంది. కిటికీ పక్కన కూర్చున్న ముసలమ్మకు కూడా చూపించింది.

శనివారానికి ఏడు అంగీలూ తయారయ్యాయి. బట్టను కొద్దిగా సాగదీసి పట్టుకుని, భుజాల లోపల సన్నటి పట్టీ వేసి, రెండు వరుసలు కుట్టాను. ఒక్క కుట్టూ తప్పలేదు. ఆదివారం కొత్తకోటలో మ్యాచ్‌కు భారతక్క కూడా వచ్చింది, జన్మలో కబడ్డీ చూసినామె కాదు. స్వప్న మొదట్లో భుజాలు ముడుచుకుని ఆడింది. మాటిమాటికీ నా వైపు చూసింది. తర్వాత కూతకు వెళ్ళింది. ముగ్గురు మీద పడ్డారు. ఒకతి సరిగ్గా భుజం దగ్గర అంగీని పిడికిట్లో పట్టి లాగింది. బట్ట సాగింది, ఇంకా సాగింది, మూరెడు సాగింది! భారతక్క నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగాయి. స్వప్న కూత ఆపలేదు. ముగ్గురినీ ఈడ్చుకుంటూ వచ్చి చెయ్యి చాపి గీత తాకింది. మైదానమంతా పాయింట్ల కోసం అరుస్తుంటే భారతక్క ఒక్కతే "కుట్టు తెగలే! ఓ పిల్లా, కుట్టు తెగలేదే!" అని ఎగిరింది. ఆ ఆట మావాళ్ళు రెండు పాయింట్లతో ఓడిపోయారు. స్వప్న మాత్రం భుజం చూపిస్తూ పరుగెత్తుకొచ్చి, నన్ను కాదు, ఆమెను కావలించుకుంది.

భారతక్క పోయి రెండేళ్ళయింది. ఆమె లేదన్న మాట ఇప్పటికీ నాకు నోటితో చెప్పబుద్ధి కాదు.

మౌనిక సూది మార్చింది. అయినా టప్, టప్ అంటూనే ఉంది. వెళ్ళి చూశాను. ఎవరో పెళ్ళివాళ్ళు తెచ్చిన మెరుపుల బట్ట, పట్టూ కాదు, నూలూ కాదు, నేనెప్పుడూ చూడనిది. అంచున ఒక పోగు లాగాను. అది రాలేదు, తెగలేదు, రబ్బరులా వెనక్కి పోయింది. నలుగురు పిల్లలూ నా నోటి వైపే చూస్తున్నారు. నేను వీళ్ళకు టీచర్ని కదా, ఏదో ఒక నంబరు చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది.

"నాకు తెల్వదు" అన్నాను, సందు దాకా వినపడేలా. "ఆ ముక్క సంచిల పెట్టు మౌనికా. లే, పది గంటల బస్సున్నది."