చక్కెర లేని ఇల్లు

నాంపల్లి స్టేషన్ వెనక సందులో సుగుణమణి కేకు తినని పిల్లలు లేరు. బాప్తిస్మానికి, పుట్టినరోజుకు, క్రిస్మస్‌కు ఆమె ఇంటి నుంచే కేకులు వెళ్లేవి. మెదక్ నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచి మైదా జల్లించడం, వెన్నా చక్కెరా చేయి నొప్పెట్టేదాకా గిలకొట్టడం, ఇదే ఆమె బతుకు. అలాంటి మనిషి ఒక రోజు మైదా, చక్కెర, బియ్యం అన్నీ మోసుకెళ్లి పక్కింటి పోశవ్వ గుమ్మంలో పెట్టి వచ్చింది.

"ఏందక్కా, కేకుల పని బంద్ చేసినవా?" అని పోశవ్వ అడిగితే, "ఔ, బంద్" అంది.

కారణం ఆమె భర్త ఆనంద్ పాల్. కోర్టు బయట టైపు మిషన్ ముందు కూర్చొని వకీళ్లకు కాగితాలు కొట్టిపెట్టే మనిషి. ఆయనకు చాలా ఏళ్లుగా షుగర్. ఆయన అన్నకూ అదే జబ్బు, మోకాలి కింద కాలు తీసేశారు. దవాఖానలో దుప్పటి కింద ఆ ఖాళీ చోటు చూసి వచ్చిన సాయంత్రమే సుగుణమణి నిర్ణయించుకుంది, తన మొగుడి కాళ్లు తనే కాపాడుకుంటుందని. ఆమె ఒకటి అనుకుందంటే ఇక ఎవరు చెప్పినా వినదు. ఆ మొండితనం సందు మొత్తానికీ తెలుసు.

ఫోన్‌లో వీడియోలు చూసింది. అన్నం వద్దు, గోధుమ వద్దు, పాలు వద్దు, అన్నిటికీ బదులు బాదం. బేగంబజార్ నుంచి బాదం తెచ్చి నానబెట్టి, పొట్టు ఊడదీసి, రుబ్బి, పలచటి బట్టలో పిండితే పాలు. మిగిలిన పిప్పిని మిద్దె మీద ఎండబెట్టి మిక్సీలో తిప్పితే పిండి. ఆ పిండికి జిగురు ఉండదు, రొట్టె తట్టబోతే చేతిలోనే విరిగేది. రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య నొక్కి పెనం మీదికి జార్చడం నేర్చుకుంది. దానితోనే కేకూ చేసింది. అది పొంగలేదు సరికదా, తడి ఇసుకలా తయారైంది. ఆనంద్ పాల్ నమిలి నమిలి, "మస్తుంది సుగుణా" అన్నాడు. పాపం, అబద్ధమాడటం ఆయనకు ఎన్నడూ చేతకాలేదు.

ఫలితం మాత్రం కనిపించింది. రక్తం పరీక్ష చేయించినప్పుడల్లా షుగర్ తగ్గుతూ వచ్చింది. సుగుణమణికి ఎక్కడలేని గర్వం. ఒకసారి డాక్టరుకు చూపిద్దామని ఆయనంటే, "మంచిగున్నప్పుడు ఎందుకు పోవుడు? బాదం గీదం ఏందని తిడతడు" అని కొట్టిపారేసింది. పొద్దున ఇన్సులిన్ సూది మాత్రం ఎప్పటిలాగే, అదే మోతాదులో, తన చేత్తోనే వేసేది. తిండి ఒకవైపు, మందు ఒకవైపు, రెండూ కలిసి తరిమితే జబ్బు తొందరగా పారిపోతుందని ఆమె లెక్క. అది తప్పని ఎవరూ చెప్పలేదు. ఆమె ఎవరినీ అడగనూ లేదు.

మధ్యలో ఒకట్రెండు సార్లు ఆయన చేతులు వణికాయి. "సుగుణా, జర ఒక్క బిస్కెట్ తింటనే. ఒళ్లంతా గుంజుతాంది" అని బతిమాలాడు. పాత రుచుల మీద యావ అనుకుంది ఆమె. "మీ అన్న కూడా గిట్లనే ఒక్కటి, ఒక్కటి అనుకుంట కాలు పోగొట్టుకున్నడు. సిగ్గు లేదా?" అని కసిరింది. ఆయన మళ్లీ బిస్కెట్ మాట ఎత్తలేదు.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో ప్రతి శుక్రవారం అబిడ్స్ చర్చిలో ఉపవాస ప్రార్థన. మధ్యాహ్నం దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకపోవడం ఆ ఇంట్లో ఎన్నడూ తప్పని ఆచారం. ఆ శుక్రవారం పొద్దున కూడా ఆమె సూది వేసింది. ఉపవాసం తిండికే కానీ మందుకు కాదని ఆమె నమ్మకం.

ప్రార్థన ముగిసి ఇంటికి చేరేసరికి ఆనంద్ పాల్ చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. మంచం మీద కూలబడి, "తియ్యటిదేమన్న ఇయ్యవే" అన్నాడు. ఆ ముఖం చూసి సుగుణమణి ఈసారి కాదనలేదు. గబగబా బాదం పాలు వెచ్చచేసి, చక్కెరకు బదులు వాడే చుక్కలు మామూలు కంటే ఎక్కువే వేసి తాగించింది.

"తియ్యగున్నయా?"

"ఔ, మస్తు తియ్యగున్నయ్."

ఆమె కాస్త కుదుటపడింది. తియ్యగా ఉంది కాబట్టి చక్కెర చేసే పనే చేస్తుందనుకుంది. ఆ చుక్కల్లో తీపి తప్ప ఇంకేమీ లేదని, లేదనే కదా తాను ఏరికోరి కొన్నదని, ఆ గాభరాలో తోచలేదు. పక్కన కూర్చొని తల నిమురుతూ కీర్తన పాడింది. కొంప ముంచింది ఆ కాసేపే.

ఆయన మాట ముద్దముద్దగా వచ్చాక గానీ ఆమెకు తట్టలేదు. వంటింట్లోకి పరుగెత్తి డబ్బాలన్నీ తెరిచింది. బాదం, బాదం పిండి, బాదం పిప్పి. ఎన్నో కేకులు చేసిన ఆ ఇంట్లో చిటికెడు చక్కెర లేదు. "పోశవ్వా, చక్కెర!" అని అరుస్తూ బయటికి వస్తే ఆ తలుపుకు తాళం. సందు చివర కిరాణా కొట్టు దాకా చెప్పుల్లేకుండా పరుగెత్తి చక్కెర తెచ్చేసరికి ఆయన పళ్లు బిగుసుకుపోయాయి. తెచ్చినదంతా గడ్డం మీదుగా రాలిపోయింది.

దవాఖానలో ప్రాణం నిలిపారు. డాక్టరు ఆమెను తిట్టలేదు. "తిండి మారిస్తే సూది మోతాదు గూడా తగ్గించాలె గదమ్మా. ఒక్కసారి వచ్చి అడిగితే అయిపోతుండె" అన్నాడు. మెదడుకు చాలాసేపు చక్కెర అందలేదని, ఇక మునుపటి మనిషి కాడని కూడా చెప్పాడు. అంతకంటే డాక్టరు నాలుగు తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది.

ఇప్పుడు ఆనంద్ పాల్ నడుస్తాడు, పెట్టింది తింటాడు. టైపు మిషన్ ముందు కూర్చోబెడితే అక్షరాల మీద వేళ్లు ఆనించి ఊరికే ఉంటాడు. మనుషుల పేర్లు పోయాయి, ఆకలైనా చెప్పడం పోయింది. డాక్టరు కొంచెం కొంచెం అన్నీ పెట్టొచ్చన్నాడు. సుగుణమణి రోజంతా ఆయన వెంటే తిరుగుతూ అడుగుతుంటుంది, ఉప్మా చెయ్యాల్నా, చాయ్ తాగుతరా అని. మునుపటిలా ఒక్కసారి ఆయన తనంతట తాను ఏదైనా కావాలంటే చాలని ఆమె ప్రాణం కొట్టుకుంటుంది.

నిన్న పళ్లెంలో ఒక బిస్కెట్ పెట్టి ముందుకు జరిపింది. "తినుండ్రి, ఏం గాదు" అంది.

ఆయన ఆ బిస్కెట్ వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు చూశాడు. పళ్లెం మెల్లగా వెనక్కి నెట్టాడు.

"వద్దు. నువ్వు తిడతవ్."