రెండు రిజిస్టర్లు, ఒకే చేతిరాత

తనిఖీకి పదకొండు రోజులే ఉందన్న కబురు సోమవారం మొదటి గంట కొట్టకముందే వచ్చింది. హెడ్మాస్టరు స్టాఫ్ రూములోకి వచ్చి, నిలబడే కాగితం చదివాడు. మూడేళ్ళ పాఠ్య ప్రణాళికలు, మార్కుల రిజిస్టర్లు, తల్లిదండ్రుల సమావేశాల వివరాలు, వెనకబడిన పిల్లల కోసం ఏం చేశారో విడిగా ఒక ఫైలు. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నన్ను తిట్టుకోకండి. పైవాళ్ళు నా పీక మీద కూర్చున్నారు," అన్నాడు.

ఎవరూ తిట్టుకోలేదు. అందుకు తీరిక కూడా లేదు.

లెక్కల టీచరుకి అది పందొమ్మిదో ఏడు. గుండ్రటి చేతిరాత ఆమెది. రాత బాగుండటమే ఆమె చేసుకున్న పాపం. గోడమీద అంటించే పట్టికల దగ్గర్నుంచి ఫైళ్ళమీద పేర్ల దాకా అన్నీ ఆమె నెత్తినే పడేవి. ఆ వారం ఆమె బోర్డు మీద పది లెక్కలు వేసి, పిల్లలు చేస్తుంటే బల్ల దగ్గర గళ్ళు నింపుతూ కూర్చుంది. ఒక పిల్ల నోటుపుస్తకం పట్టుకుని పక్కకొచ్చి నిలబడితే, "కూర్చో, తర్వాత చూస్తా," అని తలెత్తకుండానే అంది. ఆ 'తర్వాత' అన్నది ఆ వారమంతా రాలేదు.

ఇంట్లోనూ అదే ధ్యాస. పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారినా ఆమెకి తెలియలేదు. బస్ డిపోలో మెకానిక్‌గా పనిచేసే భర్త గుడ్డతో తుడుస్తూ, "తనిఖీ మీ బడికా, మన వంటింటికా?" అన్నాడు.

"ఊరుకోరా," అంది అత్తగారు. "దాని మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో."

గురువారం నాటికి గదులన్నిటికీ సున్నం వేశారు. గోడలమీది పటాలు దించి, ఆరాక మళ్ళీ తగిలించారు. ఆ మధ్యాహ్నం లెక్కల టీచరు ఫైళ్ళ కట్ట మోసుకుంటూ వరండాలో వెళుతూ, సోషల్ మాస్టారి తరగతి ముందు ఆగిపోయింది. మాస్టారికి రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళుంది. ఆమె కొత్తగా చేరినప్పుడు, గొంతు పెంచకుండా తరగతిని అదుపులో పెట్టడం నేర్పింది ఆయనే.

ఆయన పిల్లలవైపు తిరిగి, చెయ్యి వెనక్కి చాచి పటం మీద వేలు పెట్టాడు. "ఈ నది పుట్టింది ఇక్కడ."

వేలు సముద్రం మీద ఉంది.

నలభై మంది పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు. ముందు బెంచీలో పిల్ల లేచి, రహస్యం చెప్పినట్టు మెల్లగా, "మాస్టారూ, సున్నం వేశాక పటం జరిపి తగిలించారండి. జానెడు కుడికి," అంది. ఆయన వేలు జానెడు జరిగింది. పాఠం సాగింది.

చేతుల్లో ఫైళ్ళు బరువెక్కేదాకా లెక్కల టీచరు అక్కడే నిలబడింది. బడి వదిలాక ఆయన్ని ఒంటరిగా పట్టుకుంది.

"ఎప్పట్నుంచి మాస్టారూ?"

ఆయన బుకాయించలేదు. "రెండేళ్ళు దాటిందమ్మా. మనిషి వస్తున్నట్టు తెలుస్తుంది, మొహం తెలియదు. అక్షరాలైతే ఈగలు ముసిరినట్టుంటాయి. ఇక బాగవదని డాక్టరు చెప్పేశాడు."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఇంట్లో ఆవిడకి తెలుసు. పిల్లలకి నేను చెప్పలేదు, వాళ్ళే పసిగట్టారు."

"మరి మీ రిజిస్టర్లు?"

"ఈ రెండేళ్ళవీ ఖాళీ."

చెయ్యి చాచి, "ఇలా ఇవ్వండి," అందామె.

మూడు సాయంత్రాలు ఖాళీ తరగతిలో కూర్చుని ఆయన చెబుతుంటే ఆమె రాసింది. ఒక్కొక్క పిల్లకీ, పిల్లాడికీ ఏ పరీక్షలో ఎన్ని మార్కులో ఆయన ఆగకుండా చెప్పుకుపోయాడు. ఆమెకి అనుమానం వచ్చింది.

"గుర్తుండే చెబుతున్నారా, నోటికొచ్చినట్టా?"

"జవాబులు వాళ్ళచేతే చదివించుకుని మార్కులు చెప్పానమ్మా. కాగితం మీద వాళ్ళే వేసుకున్నారు. చెవులు బాగానే ఉన్నాయి కదా."

బీరువాలోంచి నాలుగు జవాబు పత్రాలు తీసి చూసింది. నాలుగూ సరిపోయాయి. ఒక కుర్రాడు తనకి తానే ఐదుకి రెండు వేసుకుని, కింద గీత కూడా గీసుకున్నాడు.

తనిఖీకి వచ్చినావిడ తక్కువ మాట్లాడే మనిషి. మధ్యాహ్నం దాకా తరగతులు చూసి, స్టాఫ్ రూములో రిజిస్టర్లు ముందేసుకుంది. రెండిటిని పక్కపక్కన తెరిచి పెట్టి, "లెక్కలూ సోషలూ ఒకరే చెబుతారా ఇక్కడ?" అంది.

హెడ్మాస్టరు కంగారుగా, "మాస్టారికి చెయ్యి నొప్పండి, అందుకని..." అన్నాడు. నిజంగానే ఆయనకేమీ తెలియదు. ఏదో ఒకటి చెప్పి గండం గడుపుదామనుకున్నాడు.

"రాసింది నేనేనండి," అంది లెక్కల టీచరు. ఇంకేదో అనబోతుంటే మాస్టారు లేచి నిలబడ్డాడు.

"చెయ్యి కాదండీ, కళ్ళు. ఈ అమ్మాయి తప్పేం లేదు. దాచింది నేను."

ఆయన అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆవిడ కలం కదల్లేదు. చివరికి, "చదివించుకుని దిద్దారా, అన్నీ?" అని మాత్రం అడిగింది. అన్నీ అన్నాడాయన. ఆవిడ రిజిస్టరు మూసి, "ఇది నేను రాయకుండా ఉండలేనండి," అంది. ఆ గొంతులో కోపం లేదు.

నెల తిరక్కుండానే మాస్టారిని వైద్య పరీక్షకి పంపారు. తరగతికి పనికిరారని కాగితం వచ్చింది. రెండేళ్ళ ముందే ఆయన ఇంటికి వెళ్ళిపోయాడు. వీడ్కోలు సభ వద్దన్నాడు. ఇతరుల రికార్డులో రాసినందుకు లెక్కల టీచరుకి మెమో వచ్చింది. ఆమె నాలుగు వాక్యాల్లో జరిగింది జరిగినట్టు రాసిచ్చింది. బడికి 'సంతృప్తికరం' అని నివేదిక వచ్చింది.

ఒక ఆదివారం ఆమె మాస్టారి ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన ఆయన భార్య లోపలికి రమ్మనలేదు.

"వేరేవాళ్ళ చేతిరాతయితే ఆయన దొరికేవారు కాదు. నీ ముత్యాల్లాంటి రాతే కొంప ముంచింది," అంది. నిజమే కదా అనుకుంది లెక్కల టీచరు.

లోపల్నుంచి మాస్టారు, "అమ్మాయినేం అనకు. రెండేళ్ళ కిందటే నోరు విప్పాల్సింది నేను," అన్నాడు. ఆ వెంటనే, "ఆ పిల్లలకి ఇప్పుడు ఎవరు చెబుతున్నారు?" అని అడిగాడు.

"నాకే ఇచ్చారు మాస్టారూ, కొత్తవాళ్ళు వచ్చేదాకా. నదులు నాకే సరిగ్గా రావు."

ఆయన లోపలికి పిలిచి కుర్చీ చూపించాడు. సాయంత్రం దాకా మొత్తం పాఠం చెప్పాడు, ఆమె రాసుకుంది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆయన భార్య, "వస్తుండమ్మా. పేపరు చదివిపెడదామంటే సగం మాటలకి నాకు నోరు తిరగదు," అంది, మొహం చూడకుండానే.

అన్ని ఆదివారాలూ కుదరలేదు. కుదిరినప్పుడల్లా వెళ్ళింది.